తీగకు జబ్బు... కంప్యూటర్‌కు మందు!

"నెట్ నడవడం లేదండి" అని చందాదారుడు మొరపెట్టుకుంటాడు. "ఫోను మోగుతోంది కదండీ, మీ కంప్యూటర్‌లో వైరస్ చేరి ఉంటుంది" అని అవతలి నుంచి జవాబు వస్తుంది. కంప్యూటర్లు బాగుచేసే కుర్రవాడిని పిలిస్తే అంతా తుడిచేసి మళ్లీ ఎక్కించి, డబ్బులు పుచ్చుకుని వెళ్తాడు. మర్నాటికి మళ్లీ నత్తనడకే. రాగి తీగ టెలిఫోన్ లైన్ల మీద బ్రాడ్‌బ్యాండ్ ఇంకా మిగిలి ఉన్న పల్లెల్లో ఏళ్ల తరబడి సాగుతున్న తంతు ఇది. రోగం ఒకచోట, మందు ఇంకొకచోట.

సినిమాలు చూసుకునే వారి బాధే కదా అని దీన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఇంజనీరింగ్ సీటు కోసం కాలేజీల వరుస ఎంచుకునే గడువు ఆ రాత్రితో ముగుస్తుంటే, మోడెం మీద దీపం ఆరిపోతే ఆ పిల్లకు జరిగే నష్టం ఎవరు పూడుస్తారు? కోనసీమలో కువైట్ వెళ్లిన తల్లి ముఖాన్ని తెర మీదే చూసుకునే పిల్లలున్నారు. సెల్‌ఫోన్లు ఉన్నాయి కదా అనవచ్చు. కొబ్బరితోటల నడుమ సిగ్నల్ సరిగా అందని ఇళ్లకు ఆ తీగే దిక్కు.

ఫోను మోగితే సరిపోదు

మనిషి మాట ఫోనులో వెళ్లడానికి 3,400 హెర్ట్జ్ వరకు పౌనఃపున్యం చాలు. అదే రెండు తీగల మీద బ్రాడ్‌బ్యాండ్ వాడుకునేది 22 లక్షల హెర్ట్జ్ దాకా. చిలుము పట్టిన జాయింటు మాటను ఎలాగో దాటనిస్తుంది. అంతకంటే ఎన్నో రెట్లు సున్నితమైన నెట్ సంకేతాన్ని మాత్రం నలిపేస్తుంది. కాబట్టి ఫోను మోగడం లైన్ బాగుందనడానికి సాక్ష్యం కాదు. రెండు తీగల్లో ఒకటి తెగి ఫోను పూర్తిగా మూగబోయినా, నెట్ కుంటుతూ నడిచే సందర్భాలూ ఉంటాయి.

దూరం సంగతీ తెలుసుకోవాలి. ఎ.డి.ఎస్.ఎల్. 2 ప్లస్ అనే పద్ధతిలో ఎక్స్ఛేంజి పక్కనే ఉన్న ఇంటికి 24 మెగాబిట్ల వరకు రావచ్చు. మూడు కిలోమీటర్లకు అది సగానికంటే కిందికి దిగుతుంది. ఐదు కిలోమీటర్లు దాటితే లైన్ నిలవడమే కష్టం. ఆ దూరం రోడ్డు వెంట కొలిచేది కాదు, తీగ ఎన్ని మలుపులు తిరిగి వచ్చిందో ఆ పొడవు. దీనికి లైన్‌మన్ చేయగలిగింది ఏమీ లేదు.

ముందు ఇంట్లో చూసుకోవాలి

ఫిర్యాదు చేసే ముందు చందాదారుడు తన ఇల్లు చక్కబెట్టుకోవడం న్యాయం. తప్పు సగం సందర్భాల్లో గుమ్మం లోపలే దొరికినా ఆశ్చర్యం లేదు.

మొదట వైఫై వదిలి, కంప్యూటర్‌ను మోడెంకు తీగతో కలపాలి. ఇంట్లో సెల్‌ఫోన్లన్నింటికీ నెట్ ఆపాలి. అప్పుడు వేగం పుంజుకుంటే తప్పు వైఫైది, లేదా ఇంట్లోవారే పంచుకు తింటున్నారు.

రెండోది స్ప్లిటర్. మాటను, నెట్‌ను విడదీసే చిన్న డబ్బా ఇది. ఇంట్లో ఉన్న ప్రతి ఫోనూ దీని తర్వాతే ఉండాలి. వెనక గదిలో తాతగారి మంచం పక్కన పెట్టిన ప్యారలల్ ఫోను స్ప్లిటర్ లేకుండా నేరుగా లైన్‌కు తగిలించి ఉంటే నెట్ వేగాన్ని అదే మింగేస్తుంది.

మూడోది, ఫోను ఎత్తి ఒక అంకె నొక్కాలి. డయల్ టోన్ ఆగి నిశ్శబ్దం కావాలి. గరగర, బుసబుస వినబడితే లైన్‌లో ఎక్కడో తడి, వదులు జాయింటు ఉన్నట్టే.

నాలుగోది అసలు పరీక్ష. లైన్ ఇంట్లో అడుగుపెట్టే మొదటి బాక్సు దగ్గర మిగతా తీగలన్నీ విప్పి మోడెం ఒక్కటే తగిలించాలి. వేగం పెరిగితే ఇంటి వైరింగ్ మార్చుకోవాలి. పెరగకపోతే తప్పు బయటిది.

ఇంకొక లెక్క కూడా గుర్తుంచుకోవాలి. లైన్ వేగం బిట్లలో చెబుతారు, ఫైలు బరువు బైట్లలో ఉంటుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు. రెండు మెగాబిట్ల లైన్ మీద 100 మెగాబైట్ల ఫైలు దిగడానికి ఏడు నిమిషాల దాకా పడుతుంది. దాన్ని మోసం అనుకోనక్కర్లేదు.

మోడెం అబద్ధమాడదు

వాదనలు ఎన్నయినా చెప్పవచ్చు, మోడెం మాత్రం నిజం చెబుతుంది. దాని సొంత పేజీ తెరిస్తే లైన్ కుదిరిన వేగం, అటెన్యుయేషన్, ఎస్.ఎన్.ఆర్. మార్జిన్ అనే అంకెలు కనిపిస్తాయి. అటెన్యుయేషన్ అంటే దారిలో సంకేతం ఎంత అరిగిందో చెప్పే లెక్క. 30 డెసిబెల్స్ లోపు ఉంటే మంచిది, 60 దాటితే ఆశ వదులుకోవచ్చు. మార్జిన్ అంటే రొద మీద సంకేతానికి మిగిలిన బలం. అది 6 కంటే తగ్గితే లైన్ మాటిమాటికి తెగిపోతుంది.

ఎండ రోజున ఒకసారి, వాన పడ్డాక ఒకసారి ఈ అంకెలు రాసి పెట్టుకోవాలి. వానకు మార్జిన్ పడిపోతే జాయింటులో నీరు దిగినట్టు. అంకెలు బాగానే ఉండి, రాత్రి ఏడు నుంచి పది మధ్య మాత్రమే వేగం తగ్గితే తప్పు తీగది కాదు. ఎక్స్ఛేంజి నుంచి పైకి వెళ్లే దారిలో రద్దీ. దానికి జవాబు చెప్పవలసింది సంస్థే.

శాఖ బాధ్యత మాటేమిటి?

ఇంటి బయట తీగ సంస్థ ఆస్తి. అయినా చాలాచోట్ల డి.పి. బాక్సుకు తలుపుండదు, పిల్లర్‌లో చీమలు పుట్ట పెడతాయి. జాయింటుకు చుట్టిన టేపు ఊడి వేలాడుతుంది. డ్రాప్ వైరు మీద కొబ్బరిమట్ట పడితే ముడివేసి పోతారు. అంతర్వేది, ఓడలరేవు వంటి తీర గ్రామాల వైపు ఉప్పుగాలికి ఆ ముడి చిలుము పట్టడానికి ఎన్నాళ్లు కావాలి?

సిబ్బంది కొరత నిజమే. 2020 జనవరి 31న ఒక్క బి.ఎస్.ఎన్.ఎల్. నుంచే దేశమంతటా 78 వేల మందికి పైగా స్వచ్ఛంద విరమణ మీద వెళ్లిపోయారు. మిగిలిన లైన్‌మన్ ఎన్ని ఊళ్లు తిరుగుతాడు? అతని మీద విరుచుకుపడి లాభం లేదు. కానీ మనిషి లేడన్న సాకుతో బిల్లు ఆగడం లేదు కదా!

2004 బ్రాడ్‌బ్యాండ్ విధానంలో 256 కిలోబిట్లు ఉంటే బ్రాడ్‌బ్యాండ్ అన్నారు. 2013లో దాన్ని 512 చేశారు. 2023 జనవరిలో ప్రభుత్వమే రెండు మెగాబిట్లకు పెంచింది. ఆ మాత్రం వేగం ఇవ్వలేని లైన్‌కు బ్రాడ్‌బ్యాండ్ పేరుతో సొమ్ము వసూలు చేయడం ఏ ధర్మం?

చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఫిర్యాదు మీద వచ్చిన లైన్‌మన్ అంకెలు కొలిచి చీటీ మీద రాసి ఇవ్వాలి. తొలకరికి ముందే డి.పి. బాక్సులు, జాయింట్లు చూడాలి. దూరం వల్ల వేగం రాని ఇంటికి ఆ సంగతి మొహమాటం లేకుండా చెప్పి, తక్కువ చందాకు మార్చాలి.

ఫైబర్ వస్తోంది, రావాలి కూడా. గాజు తీగలో వెలుగు మీద వెళ్లే సంకేతానికి చిలుము బాధ లేదు, ఊరి దూరం లెక్కలోకి రాదు. అయితే రాగి లైన్ ఫోనుకు ఎక్స్ఛేంజి బ్యాటరీ నుంచే 48 వోల్టుల కరెంటు వస్తుంది. తుపాను రాత్రి ఊళ్లో కరెంటు పోయినా తీగ తెగకపోతే ఫోను పలుకుతుంది. ఫైబర్ పెట్టెకు ఇంటి కరెంటు కావాలి. కాబట్టి కొత్తది నిలిచే వరకు పాతది కోయకూడదు. ఫైబర్ ఇచ్చేటప్పుడు చిన్న బ్యాటరీ సంగతి కూడా చందాదారుడికి చెప్పాలి.

చందాదారులు సైతం నోటి మాటతో సరిపెట్టుకోరాదు. ఫిర్యాదుకు డాకెట్ నంబరు అడిగి రాసుకోవాలి. గడువులో పని కాకపోతే సంస్థలోనే ఉన్న అప్పీలు అధికారికి రాతపూర్వకంగా పంపాలి. వీధిలో పది ఇళ్లవారు వాననాటి అంకెలు, ఎండనాటి అంకెలు ఒకే కాగితం మీద పెట్టి సంతకాలు చేస్తే, "మీ కంప్యూటర్‌లో వైరస్" అనే మాట ఆ కాగితం ముందు నిలవదు. పది కంప్యూటర్లకు ఒకేసారి, వాన పడ్డప్పుడే వైరస్ రాదు మరి!