పండ్లు పంచింది చాలు, బడికి పంపుదాం

పుట్టినరోజు వచ్చిందంటే మనలో చాలామందికి బాలసదనం గుర్తొస్తుంది. అరటిపండ్లు, బిస్కెట్లు, ఒక కేకు పట్టుకుని పోతాం. అది బుధవారమా, గురువారమా అని చూడం. మనకోసం ఆ ఆడపిల్లలను బడి మాన్పించి వరుసలో నిలబెడతారు. ఫొటోలు దిగి, మంచిపని చేశామనుకుంటూ ఇంటికొస్తాం. ఆ పూట వాళ్ళకు పోయిన లెక్కల పాఠం సంగతి ఎవరూ అడగరు. పైగా ఆ ఫొటో వాట్సాప్‌లో తిరుగుతుంది. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఆ పిల్లల ఆనవాలు బయటపెట్టడం నేరం. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. కాబట్టి ఈ తగువు ముందు మనతో మనమే పెట్టుకుంటున్నాం.

“హోం పిల్లలకు చదువు మీద ధ్యాస ఉండదు, బడి ఎగ్గొడతారు” అంటారు. ఈ మాట మేము ఒప్పుకోం. ఆ నాగాలు ఎక్కడ పుడుతున్నాయో చూడండి. బాలల సంక్షేమ సమితి నెలకు కనీసం 20 రోజులు కూర్చోవాలి. అవి దాదాపుగా బడి రోజులే. విచారణకు పిలిస్తే ఆ రోజు పిల్ల చదువు పోయినట్టే. చదువు నడుమ ఒక సదనం నుంచి మరో ఊరి సదనానికి మారిస్తే, టీసీ వచ్చేదాకా ఆగమంటారు. నెలసరి రోజుల్లో బడి మరుగుదొడ్డిలో నీళ్ళు లేకపోతే ఇంకొన్ని నాగాలు. తరగతిలో ఎవరి డబ్బులైనా పోతే ముందు వెతికేది హోం పిల్ల సంచినే. రెండుసార్లు అలా జరిగాక ఏ పిల్లకు బడికి పోబుద్ధవుతుంది?

చట్టం లేక కాదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. వయసు పత్రం లేదని తిప్పి పంపకూడదు. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఎవరినీ బడి నుంచి తీసేయకూడదు. కానీ తొమ్మిదిలో అడుగుపెట్టగానే ఆ చివరి రక్షణ పోతుంది. “నడవడిక బాగాలేదు” అన్న ఒక్క మాట చాలు. హెడ్మాస్టరు గదిలోకి పోయి “నా బిడ్డ ఏం చేసింది?” అని నిలదీసే తల్లీతండ్రీ ఆ పిల్లకు లేరు.

భద్రత కోసమే బయటికి పంపడం లేదని కొందరు సంజాయిషీ ఇస్తారు. ప్రమాదం నిజమే. అయితే తోడు మనిషిని ఇచ్చి పంపాలి గానీ గేటుకు తాళం వేస్తారా? 18 ఏళ్ళు నిండితే ఆ గేటు బయటికే కదా ఆమె పోవాల్సింది! ఆ తర్వాత డబ్బు సాయం “చేయవచ్చు” అంటుంది బాలల న్యాయ చట్టం, “చేయాలి” అనదు. అప్పుడు ఆమె చేతిలో మిగిలేది చదువొక్కటే.

బడిలో పేరుండి తరగతిలో చోటు లేకపోవడం మనకు కొత్త కాదు. గోనెపట్టా మీద విడిగా కూర్చుని చదివిన బాబాసాహెబ్ వారసులం మనం. ఫూలే దంపతులు దిక్కులేని గర్భిణులకు ఆశ్రయమిచ్చి, అక్కడ పుట్టిన యశ్వంత్‌ను దత్తత తీసుకున్నారు. ఒక పూట భోజనం పెట్టి ఊరుకోలేదు, డాక్టరును చేశారు.

అందుకే మేము అడుగుతున్నాం. బడికి పోయే పిల్లల విచారణలు బడి వేళలు తప్పించి పెట్టండి. ప్రాణాపాయం ఉంటే తప్ప చదువు నడుమ సదనం మార్చకండి. ప్రతి పిల్లకూ తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళి కూర్చునే ఒక పెద్దమనిషిని రాతపూర్వకంగా నియమించండి. బడి నుంచి తీసేయకూడదన్న నిబంధనను ఇంటర్ దాకా పొడిగించండి.

మన వంతు కూడా ఉంది. వచ్చే పుట్టినరోజుకు ఆదివారం దాకా ఆగుదాం. సదనం అనుమతి తీసుకుని, చదువు చెప్పగల మన అక్కచెల్లెళ్ళు ఇద్దరు వారం వారం అక్కడికి పోవాలి. ఫోను సంచిలోంచి తీయొద్దు. లెక్కల పుస్తకం తీయండి.