మొద్దెవరు?

నారాయణగూడలో బడి విడిచిపెట్టు వేళ గుమ్మము కడ నిలిచితిమేని ఈ సంభాషణము చెవిని బడక మానదు. "వీడు వట్టి మొద్దండీ, చెప్పి చెప్పి విసిగిపోయాము" అని పంతులు. "తెలివి ఉన్నదండీ, శ్రద్ధే లేదు" అని తల్లి. తల్లి చెప్పినది సగము నిజము. పంతులు చెప్పినది పూర్తిగ అబద్ధము. ఇరువదియేండ్లుగ ఆ పంతులు మాట పలికినవారిలో మేమును ఒకరము.

గుణింతమును పాటవలె అప్పగించు పిల్లవాడే, 'కొ' ఒక్కదానిని పలకమీద వ్రాసి చూపిన నోరు మెదపడు. 'వ'ను 'ప' యనును. ఒత్తును ఒకచో విడుచును, దీర్ఘమును వేఱొకచో నిలుపును. కథ వినిపించిన పొల్లుపోకుండ మరల చెప్పును. లెక్క నోట నడిగిన వెంటనే జవాబు వచ్చును. ఆ లెక్కనే అచ్చులో చూపిన కన్నీళ్లు వచ్చును. దీనినే డిస్లెక్సియా యందురు. ఇది కంటిజబ్బు కాదు, సోమరితనము కాదు, బుద్ధిమాంద్యము అంతకంటెను కాదు. పలుకులోని ధ్వనులను విడదీసి అక్షరములతో ముడివెట్టుట ఆ మెదడునకు కష్టము. తఱచుగ ఇది వంశమున వచ్చును. తెలుగున వ్రాతకును పలుకునకును పొత్తు గలదు గనుక కొందఱు ఎట్లో నెట్టుకొని వత్తురు. వ్రాత యొకదారి, పలుకు ఒకదారియైన ఇంగ్లీషులో అడుగిడగనే మునిగిపోవుదురు. మనమో, మొదటి అక్షరమే ఇంగ్లీషున దిద్దించుచున్నాము!

1896లో ఇంగ్లండున ప్రింగిల్ మోర్గన్ అను వైద్యుడు 14 ఏండ్ల పెర్సీ యను బాలునిగూర్చి వైద్యపత్రికలో వ్రాసెను. ఆ బాలుడు తన పేరునే తారుమారుగ వ్రాసెడివాడు. పాఠములన్నియు నోటనే చెప్పినచో బడిలో ఇతడే మేటి యగునని అతని పంతులే చెప్పెనట. మన పాణినీయశిక్షయో, వ్రాత చూచి చదువువానిని పాఠకాధములలో చేర్చినది. చెవితో విద్యను నిలుపుకొన్న జాతివారము, నేడు చూచి చదువలేనివానిని అధముడనుచున్నాము. శిక్షాశాస్త్రము చదివియు మాకిది తోచలేదు. ఒక బాలునిచే 'విద్యార్థి' యను పదమును నూఱు మాఱులు వ్రాయించితిమి. నూఱవ పంక్తిలోను తప్పే. కావలెనని చేసెనని బల్లమీద నిలువబెట్టితిమి. పైయేడు వాడు బడి మానెను.

1995 నాటి వికలాంగుల చట్టమున దీని ఊసు లేదు. 2016 చట్టము దీనిని చేర్చినది. పిల్లలయందు శీఘ్రముగ కనిపెట్టుట బడి విధి యనెను. పరీక్షలో అధికకాలము, వ్రాయసకాడు, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపు ఉండవలెననెను. అడుగువారేరి? "సర్టిఫికెట్టు తెచ్చినచో రేపు పిల్లకు సంబంధము లెట్లు వచ్చును?" అని తండ్రి వెనుదీయును. "ఇతరులకు అన్యాయము గదా" అని మా తోడివారు ధర్మము చెప్పుదురు. చరిత్ర పరీక్షలో మనము కొలుచునది చరిత్రజ్ఞానమా, చేతివ్రాత వేగమా?

ఈ బిడ్డలే పెద్దవారైన పిదప ఎక్కడ తేలుదురో చూడగోరువారు నాలుగడుగులు నడచి చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమునకు, అటనుండి అశోక్‌నగరు సందులలోని కోచింగు సెంటర్లకు పోవచ్చును. గోడలపై ర్యాంకులవారి బొమ్మలు. లోపల గ్రూప్స్ పరీక్షలకై వంగిన తలలు. ఒకే పుటను నాలుగుమాఱులు చదివి, తన మెదడే చెడ్డదని లోలోన కుములువారు వారిలో ఉండకపోరు. చట్టము ప్రభుత్వోద్యోగములలో 4 శాతము ప్రత్యేకించి, అందొక శాతమున వీరికిని ఇతరులతో పాలు కల్పించినది; దానికి 40 శాతమునకు తగ్గని వైకల్యమని పత్రము కావలెను. ఆ 40 శాతము లేదను కారణమున వ్రాయసకాని నిరాకరింపరాదని 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కాని ఏడేండ్లనాడు ఎవ్వరును గుర్తింపనివాడు ఇరువదియైదేండ్లకు తన లోపమునకు పేరైన నెఱుగునా?

మందులతో ఇది పోదు. బోధనచే చదువు వచ్చును. అక్షరాభ్యాసమునాడు బియ్యములో వ్రేలు పట్టి దిద్దించుచు, నోట పలికించుచు, చెవికి వినిపింతుము గదా. నిపుణులు చెప్పు మార్గము దానికి దగ్గఱి చుట్టమే: ఒక్కొక్క ధ్వని, ఒక్కొక్క అక్షరము, క్రమము తప్పక, ప్రతిదినము, తిట్టులేక. మనము ఒక్కనాటి వేడుకతో సరిపెట్టి, మఱునాటినుండి బెత్తము పట్టుచున్నాము.

జూనులో బళ్లు తెఱచునపుడు తల్లులు ప్రధానోపాధ్యాయుని అడుగవలసినది ఇది: "అయ్యా, మీ బడిలో దీనిని కనిపెట్టగలవా రెవరు?" ఆయన నీళ్లు నమిలినచో, ఫీజు కట్టుటకు ముందే రెండవమాఱు అడుగుడు.