పొరుగువారి లిపి

మా ఊరి పేరు ఖానాపురం హవేలి. ఇందులో ‘పురం’ సంస్కృత పదం. ‘హవేలి’ ఫార్సీ మార్గాన మనకు చేరిన మాట. ఆ పేరు పలికేవారికి అవి వేరువేరు భాషలని తోచదు. ఊరి పేరులో ఇంత చక్కగా ఒదిగిన భాషలు మన ఇళ్లలో ఎందుకు ఒదగడం లేదు?

మానవుల భాషలలోని, వర్ణాలలోని భిన్నత్వం అల్లాహ్ సూచనలలో ఒకటని సూరా రూమ్ (30:22) తెలుపుతున్నది. జాతులుగా, తెగలుగా మనలను చేసినది పరస్పర పరిచయం కొరకేనని సూరా హుజురాత్ (49:13) బోధిస్తున్నది.

భిన్న సముదాయాలను వారి భాషా సంస్కృతులతోనే సమాజంలో కలుపుకొనే పద్ధతిని బహుళ సంస్కృతి విధానమంటారు. కెనడా 1971లో దీనిని ప్రభుత్వ విధానంగా ప్రకటించింది. అంతకు ఎంతో ముందే మన రాజ్యాంగం 29, 30 అధికరణాల ద్వారా భాషను, లిపిని కాపాడుకొనే హక్కును, అల్పసంఖ్యాకులు విద్యాసంస్థలు నెలకొల్పుకొనే హక్కును ప్రసాదించింది. 2017 నవంబరులో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేసే బిల్లును ఆమోదించింది. అంతవరకు ఆ గుర్తింపు లేని మన ఖమ్మానికి ఆ లోటు తీరింది.

అయితే గుర్తింపు వేరు, పరిచయం వేరు. 2001లో ఉత్తర ఇంగ్లండు పట్టణాలలో అల్లర్లు చెలరేగాయి. వాటిని పరిశీలించిన సంఘం, భిన్న వర్గాలవారు ఒకే పట్టణంలో ఉంటూ ఒకరితో ఒకరికి సంబంధం లేని జీవితాలు గడుపుతున్నారని తేల్చింది. ఇరుగుపొరుగు ఎరుగని చోట చట్టం ఒక్కటే చాలదు.

మా లోపాన్ని ముందుగా మేమే ఒప్పుకోవాలి. అరబీ వ్యాకరణం తడబడకుండా అప్పజెప్పే మా విద్యార్థి ఒకడు, తండ్రి పింఛను దరఖాస్తును తెలుగులో నింపలేక కాగితం మా చేతికిచ్చాడు. ఆనాడు మేము సిగ్గుపడ్డాము. ఇంగ్లీషు బడికి పోయే పిల్లల సంగతి మరొకటి; దాదీ వ్రాసిన ఉర్దూ ఉత్తరాన్ని వారు చదవలేరు.

యూదులతో ఉత్తరప్రత్యుత్తరాలకు ఇతరులపై ఆధారపడకుండా, వారి లిపిని నేర్చుకొమ్మని దైవప్రవక్త (స) హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)ను ఆదేశించారు. ఆయన అర్ధమాసంలోనే నేర్చుకున్నారు. పరుల లిపి నేర్చినందువల్ల ఆయన ఈమాన్ సడలలేదు. దివ్య ఖుర్ఆన్ సంకలన బాధ్యత తరువాతి కాలంలో ఆయనకే అప్పగించబడింది.

మా మదరసాలో అసర్ నమాజు తరువాత తెలుగు చేతివ్రాత మొదలుపెట్టాము. మీరు కూడా ఇంట్లో రోజుకు ఒక పుట ఉర్దూ, ఒక పుట తెలుగు పిల్లలచేత చదివించండి. ఉర్దూ మన పెద్దల మాటను నిలుపుతుంది. తెలుగు మన మాటను పొరుగింటికి చేరుస్తుంది.

పొరుగువారి హక్కును గుర్తెరిగి మెలిగే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.