చోటు చూసి ఆటగాణ్ణి వెతకడమా?

మళ్ళీ పట్టికలు మొదలయ్యాయి. ఎన్‌బీఏ డ్రాఫ్ట్ మాట వినబడితే చాలు, అమెరికాలో బాస్కెట్‌బాల్ గురించి రాసేవాళ్ళంతా జ్యోతిష్కులైపోతారు. ఏ జట్టు ఏ కుర్రాణ్ణి తీసుకుంటుందో వరసగా రాసుకుపోతూ, ప్రతి జట్టు పేరు పక్కనా ఒక గడి గీస్తారు. ఆ జట్టుకు ఏం తక్కువైందో అందులో ఉంటుంది. ఒకరికి సెంటర్ లేడు, ఒకరికి బంతి నడిపే గార్డ్ లేడు, ఇంకొకరికి దూరం నుంచి గురిచూసి వేసేవాడు లేడు. ఆ లోటుకు తగిన కుర్రాణ్ణి తెచ్చి గడి నింపేస్తారు. చూడ్డానికి అంతా లెక్క ప్రకారం ఉన్నట్టే ఉంటుంది. కానీ ఈ లీగులో జట్లు తలలు పట్టుకు కూర్చున్న సందర్భాలు చాలావరకు ఆ గడిలోంచే పుట్టాయి.

చెప్పు కొలతకు కాలు కోసుకోవడం అంటే ఇదే.

డ్రాఫ్ట్‌లో పై వరసలో వచ్చేది చాలాసార్లు పందొమ్మిదేళ్ళ కుర్రాడు. మొదటి రౌండులో ఎంపికైతే నాలుగేళ్ళ దాకా సాగే ఒప్పందం. వాడి ఆట ముదరడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఈలోగా ఏ జట్టులో లోటు చూసి వాణ్ణి తెచ్చారో ఆ జట్టే మిగలదు. కోచ్ మారతాడు, తోటి ఆటగాళ్ళు వేరే ఊళ్ళకు పోతారు, వాణ్ణి ఎంచుకున్న జనరల్ మేనేజర్ ఉద్యోగం కూడా ఊడుతుంది. ఈ ఏటి లోటు కోసం నాలుగేళ్ళ తర్వాతి ఆటగాణ్ణి కొనడం ఏ లెక్కో ఎవరూ చెప్పరు.

సాక్రమెంటో కింగ్స్‌ని అడిగితే చెప్పగలరు. 2018లో వాళ్ళది రెండో ఎంపిక. ఎదురుగా స్లొవేనియా కుర్రాడు లూకా డోన్చిచ్ ఉన్నాడు. పందొమ్మిదేళ్ళకే రియల్ మాడ్రిడ్‌తో యూరోలీగ్ గెలిచి, ఆ ఏడు ఆ లీగులో అత్యుత్తమ ఆటగాడుగా నిలిచాడు. అంతకంటే పెద్ద పరీక్ష ఏం కావాలి? కానీ సాక్రమెంటోకు అంతకుముందు ఏడాదే ఐదో ఎంపికగా వచ్చిన డియారన్ ఫాక్స్ ఉన్నాడు. బంతి అతని చేతిలో ఉండాలి. డోన్చిచ్‌కీ బంతి చేతిలో ఉండాలి. ఇద్దరికీ పొసగదన్నారు. ఫాక్స్ పక్కన పరుగెత్తే పొడుగాటి ఫార్వర్డ్ కావాలని డ్యూక్ విశ్వవిద్యాలయం నుంచి మార్విన్ బాగ్లీని తెచ్చారు. డోన్చిచ్ మూడో ఎంపికగా అట్లాంటాకు వెళ్ళి, అక్కణ్ణించి అదే రాత్రి డాలస్ చేతికి చిక్కాడు. మరుసటేడు ఉత్తమ కొత్త ఆటగాడు అతనే.

ఇక పొసగడం సంగతి. 2022 ఫిబ్రవరికి బాగ్లీ డిట్రాయిట్ పోయాడు. 2025 ఫిబ్రవరికి ఫాక్స్ శాన్ ఆంటోనియో పోయాడు. ఎవరికి జోడీగా ఎవర్ని తెచ్చారో ఆ ఇద్దరిలో ఒక్కడూ సాక్రమెంటోలో లేడు. ఆ ఎంపిక చేసిన వ్లాడే డివాట్స్ అంతకంటే ముందే, 2020లో, జనరల్ మేనేజర్ పదవి వదిలాడు. 1996లో ఆటగాడుగా ఈయన్నే ఇచ్చి లాస్ ఏంజెలిస్ లేకర్స్ పదిహేడేళ్ళ కోబీ బ్రయంట్‌ని తెచ్చుకుంది. కుర్రాడి ప్రతిభకు ఎంత ఖరీదు కట్టవచ్చో ఆయన కంటే దగ్గర నుంచి చూసినవాడు ఎవరుంటారు!

ఇందులో ఇండియాకూ కాస్త నష్టం ఉంది. సాక్రమెంటో యజమాని వివేక్ రణదివె ముంబైలో పుట్టినవాడు. 2019 అక్టోబర్ 4, 5 తేదీల్లో తన జట్టును ఆ ఊరికి తెచ్చి ఇండియానా పేసర్స్‌తో రెండు ఆటలు ఆడించాడు. మన దేశంలో జరిగిన తొలి ఎన్‌బీఏ ఆటలవి. మొదటిది అదనపు సమయానికి వెళ్ళి 132-131తో పేసర్స్ గెలిచింది. సాక్రమెంటో ఊదారంగు చొక్కా వేసుకుని డోన్చిచ్ రావాల్సింది. రాలేదు.

ఈ ‘లోటు’ వాదానికి పుట్టిల్లు మాత్రం పోర్ట్‌లాండ్. 1984 డ్రాఫ్ట్ కథ బాస్కెట్‌బాల్ తెలిసిన ప్రతివాడికీ కంఠతా వచ్చు: హ్యూస్టన్ ఒలాజువాన్‌ని, పోర్ట్‌లాండ్ సామ్ బౌవీని, షికాగో మైకేల్ జోర్డన్‌ని తీసుకున్నాయి. అందరూ పోర్ట్‌లాండ్‌ని చూసి నవ్వుతారు గానీ, దాని పక్కనే జరిగిన విషయం గమనించరు. హ్యూస్టన్‌కు అప్పటికే ఏడడుగుల నాలుగంగుళాల రాల్ఫ్ శాంప్సన్ ఉన్నాడు. ముందు ఏడాది మొదటి ఎంపిక అతనే. లోటు చూసుకుంటే హ్యూస్టన్‌కు ఇంకో సెంటర్ అక్కర్లేదు. అయినా ఒలాజువాన్‌ని తీసుకుని ఇద్దర్నీ కలిపి ఆడించింది. రెండేళ్ళలో ఫైనల్స్‌కు చేరింది. తర్వాత శాంప్సన్ వెళ్ళిపోయినా ఒలాజువాన్ మిగిలాడు, 1994లోనూ 1995లోనూ టైటిల్ తెచ్చాడు.

పోర్ట్‌లాండ్ ఆ సీజన్లో 48 ఆటలు గెలిచిన మంచి జట్టు. రెండో ఎంపిక దానికి ఇండియానా నుంచి పాత బదిలీ వల్ల కలిసొచ్చింది. జోర్డన్ ఆడే చోట జిమ్ పాక్స్‌సన్ ఉన్నాడు, ముందు ఏడాదే వచ్చిన క్లైడ్ డ్రెక్స్‌లర్ ఉన్నాడు. లేనిది సెంటర్. అప్పట్లో చెప్పుకునే కథ ఒకటుంది. ఒలింపిక్ జట్టు కోచ్ బాబీ నైట్ తన మిత్రుడైన పోర్ట్‌లాండ్ అధికారి స్టూ ఇన్‌మన్‌కు జోర్డన్‌ని తీసుకోమని చెప్పాడట. మాకు సెంటర్ కావాలని ఈయన అన్నాడట. అయితే అతన్నే సెంటర్‌గా ఆడించమని నైట్ బదులిచ్చాడట. ఎంత నిజమో గానీ, ఈ చర్చకు ఇంతకంటే పొట్టి సమాధానం దొరకదు.

బౌవీ కెంటకీలో కాలి ఎముక విరిగి రెండు సీజన్లు పూర్తిగా కూర్చున్నవాడు. పోర్ట్‌లాండ్ వైద్యులు గంటల తరబడి పరీక్షించారు. నొప్పి ఉందా అంటే లేదన్నాడు. ఉన్నా లేదని చెప్పానని చాలా ఏళ్ళకు ఒక డాక్యుమెంటరీలో ఒప్పుకున్నాడు. ఐదేళ్ళలో పోర్ట్‌లాండ్‌కు ఆడింది 139 ఆటలు. 1992 ఫైనల్స్‌లో జోర్డన్ ఎదురుపడి, తొలి ఆట మొదటి సగంలోనే 35 పాయింట్లు వేసి, ఆరో త్రీ పడ్డాక నేనేం చెయ్యనన్నట్టు భుజాలెగరేశాడు. ఎదురుగా ఉన్నది డ్రెక్స్‌లర్. జోర్డన్‌ని వద్దనడానికి అడ్డం పెట్టుకున్న ఆటగాడు అతనే.

పోర్ట్‌లాండ్‌కు ఈ పొడుగు మోజు 1984లో పట్టిందేం కాదు. 1972లో మొదటి ఎంపిక చేతికొస్తే లారూ మార్టిన్ అనే ఆరడుగుల పదకొండంగుళాల కుర్రాణ్ణి తెచ్చారు. అతను లీగులో నాలుగు సీజన్లే ఆడాడు. వెనకే రెండో ఎంపికగా బఫలోకు వెళ్ళిన బాబ్ మకాడూ 1975లో లీగు ఉత్తమ ఆటగాడయ్యాడు. 1974లో బిల్ వాల్టన్‌ని తెచ్చి 1977లో టైటిల్ గెలవడంతో రోగం ముదిరింది. మళ్ళీ అలాంటివాడు దొరక్కపోతాడా అన్న ఆశ బౌవీ దాకా, 2007లో గ్రెగ్ ఓడెన్ దాకా తీసుకొచ్చింది. ఓడెన్‌ని తీసుకోమని అప్పుడు చాలామందే అన్నారు, నిజమే. మోకాలికి శస్త్రచికిత్స జరిగి అతని తొలి సీజన్ మొత్తం పోయింది. పోర్ట్‌లాండ్‌కు ఆడింది 82 ఆటలు, అంటే సరిగ్గా ఒక సీజన్. వదిలేసిన కెవిన్ డ్యురాంట్ సియాటిల్‌కు వెళ్ళి ఏమయ్యాడో చెప్పక్కర్లేదు.

పొడుగు ఒక్క పోర్ట్‌లాండ్ బలహీనతే కాదు. జోర్డన్ దొరికిన రోజున షికాగో జనరల్ మేనేజర్ రాడ్ థార్న్ కూడా, అతను ఏడడుగులుంటే బావుండేదని పైకే అన్నాడు. 2003లో రెండో ఎంపిక చేతిలో పెట్టుకుని డిట్రాయిట్ ఏడడుగుల డార్కో మిలిచిచ్‌ని తెచ్చింది. కార్మెలో ఆంథొనీ ఆడే చోట టేషాన్ ప్రిన్స్ ఉన్నాడు కదా అన్నది అప్పుడు వినిపించిన వాదం. ఆ వెనక మూడు, నాలుగు, ఐదు స్థానాల్లో ఆంథొనీ, క్రిస్ బాష్, డ్వేన్ వేడ్ వెళ్ళారు. డిట్రాయిట్ మరుసటేడే టైటిల్ గెలిచింది కాబట్టి ఎవరూ గట్టిగా అడగలేదు. 2015లో డాలస్ 52వ ఎంపికగా తీసుకున్న పంజాబీ కుర్రాడు సత్నాం సింగ్‌ది ఏడడుగుల రెండంగుళాలు. భారతదేశం నుంచి డ్రాఫ్ట్‌కెక్కిన తొలి ఆటగాడని మన పత్రికలన్నీ పండగ చేశాయి. ఎన్‌బీఏ లీగు ఆట ఒక్కటీ ఆడకుండానే అతని కథ ముగిసింది.

ఇప్పుడు శాన్ ఆంటోనియో వైపు చూడాలి. 1997లో వాళ్ళ దగ్గర ఏడడుగుల డేవిడ్ రాబిన్సన్ ఉన్నాడు. గాయాలతో అతను కూర్చోవడం వల్లే జట్టు 20 గెలుపులకు పడిపోయి, లాటరీలో మొదటి ఎంపిక తగిలింది. ఇంకో పొడుగువాడెందుకని అడగకుండా టిమ్ డంకన్‌ని తీసుకున్నారు. ఇద్దరూ కలిసి 1999లో, 2003లో టైటిళ్ళు గెలిచారు. 2025 జూన్‌లోనూ అదే పని చేశారు. ఫాక్స్ అప్పటికే వచ్చి ఉన్నాడు, ఆ సీజన్ ఉత్తమ కొత్త ఆటగాడు స్టెఫాన్ కాజిల్ ఉన్నాడు, ఇద్దరూ గార్డులే. అయినా రెండో ఎంపికతో మూడో గార్డ్ డిలన్ హార్పర్‌ని తెచ్చుకున్నారు. మన దగ్గర ఉదయం ఐదున్నరకు లేచి డ్రాఫ్ట్ చూసినవాళ్ళకు, అదే ఫాక్స్ పేరు చెప్పి సాక్రమెంటో డోన్చిచ్‌ని వదిలిన సంగతి గుర్తుకు రాకుండా ఉండదు.

గోల్డెన్ స్టేట్ ఇంకా ముచ్చట. 2009లో ఏడో ఎంపికతో స్టెఫ్ కర్రీని తెస్తే, అప్పటికే అక్కడున్న గార్డ్ మాంటా ఎలిస్ ఇద్దరు చిన్నవాళ్ళం కలిసి ఆడి గెలవలేమని విలేఖరుల ముందే అనేశాడు. అతని మాటలో తప్పు లేదు. తప్పు లేదు కాబట్టే 2012లో ఎలిస్‌ని పంపేసి సెంటర్ ఆండ్రూ బోగట్‌ని తెచ్చారు. పొసగడం బదిలీతో దొరికింది. కర్రీ మాత్రం డ్రాఫ్ట్‌లోనే దొరికాడు. నాలుగు టైటిళ్ళ కథ అక్కడ మొదలైంది.

అవతలి పక్షం చేతిలో అస్త్రం లేదని కాదు. ఫిలడెల్ఫియా 2013 నుంచి 2015 వరకు మూడు డ్రాఫ్టుల్లో నర్లెన్స్ నోయెల్, జోయెల్ ఎంబీడ్, జహ్లీల్ ఒకఫోర్ అని ముగ్గురు సెంటర్లను పోగేసి నవ్వులపాలైంది. నిజమే. కానీ ఆ ముగ్గుర్లో ఎంబీడ్ 2023లో లీగు ఉత్తమ ఆటగాడయ్యాడు. మిగిలిన ఇద్దర్ని ధర ఉండగా అమ్ముకోకపోవడం వేరే అసమర్థత. అట్లాంటా 2005లో పాయింట్ గార్డ్ లేకపోయినా, ఫార్వర్డులు కుప్పలుగా ఉన్నా, మార్విన్ విలియమ్స్ అనే మరో ఫార్వర్డ్‌ని తెచ్చి క్రిస్ పాల్‌ని వదిలింది. ఈ దెబ్బకు జవాబు చెప్పడం కొంచెం కష్టమే. వాళ్ళ సూత్రం సరైనదే, కన్ను సరైనది కాదనుకోవాలి.

అయినా తెలివైన మేనేజర్లు ఆ గడిలోనే ఎందుకు పడతారు? లోటు పూడ్చిన ఎంపికకు యజమాని ముందు, విలేఖరుల ముందు సమర్థన సిద్ధంగా ఉంటుంది. ‘మాకు సెంటర్ లేడు, తెచ్చాం’ అంటే ఎవరూ ఎదురు చెప్పరు. ‘మూడో గార్డ్ ఎందుకు’ అంటే మాత్రం రెండేళ్ళు నమిలి సమాధానం చెప్పుకోవాలి. రెండేళ్ళు ఉద్యోగం ఉంటుందన్న నమ్మకం ఎందరికి?

అసలు ఈ డ్రాఫ్ట్ గొడవలో అంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకోటి ఉంది. కింద నిలిచిన జట్లకే పై ఎంపికలు దక్కే వీలుంది కాబట్టి, మంచి ఎంపిక కోసం జట్లు కావాలని ఓడిపోవడం. 2023 ఏప్రిల్ 7న డాలస్ సొంతగడ్డ మీద షికాగోతో ఆడింది. ప్లేఆఫ్స్‌కు చివరి దారి అయిన ప్లే-ఇన్ పోటీ ఆశ ఇంకా మిగిలే ఉంది. కానీ ఆ ఏటి ఎంపిక మొదటి పది స్థానాల్లో పడకపోతే న్యూయార్క్‌కు ఇచ్చేయాలి. కైరీ అర్వింగ్‌తో సహా ముఖ్యమైనవాళ్ళను బెంచి మీద కూర్చోబెట్టారు. ఆ రాత్రి అరీనాలో స్లొవేనియా పండగ పెట్టారు కాబట్టి డోన్చిచ్ మొదటి క్వార్టర్ ఆడి, రెండోదాంట్లో అర నిమిషం నిలబడి తప్పుకున్నాడు. జట్టు మూడు పాయింట్ల తేడాతో ఓడింది. లీగు ఏడున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది.

పదో ఎంపిక మాత్రం డాలస్ చేతిలోనే ఉండిపోయింది. దాన్ని ఓక్లహోమా సిటీకి ఇచ్చి, వదిలించుకోవాల్సిన ఒక పెద్ద జీతాన్ని వదిలించుకుని, పన్నెండో స్థానంలో సెంటర్ డెరిక్ లైవ్లీని తెచ్చుకుంది. 2024 ఫైనల్స్‌లో అతను ఆడాడు. ఏడున్నర లక్షల డాలర్లకు ఇంత చవక బేరం ఆ లీగులో ఇంకొకటి జరిగి ఉండదు. 2025 మార్చిలో లౌరీ మార్కనెన్‌ని ఆడించనందుకు యూటాకు వేసింది మరీ లక్ష డాలర్లు. కోట్ల డాలర్ల జీతాలిచ్చే యజమానులకు ఇది చిల్లర. జరిమానా వేయదలుచుకుంటే డ్రాఫ్ట్ స్థానాల్లోనే వేయాలి. కావాలని ఓడినట్టు తేలిన జట్టు ఎంపికను ఆ ఏడాదే పది స్థానాలు కిందికి దించితే, మరుసటి మార్చిలో ఆరోగ్యంగా ఉన్న ఆటగాళ్ళు ఎంతమంది బెంచి మీద కనిపిస్తారో లెక్కపెట్టుకోవచ్చు.