కడలి దాటు కాపురము

ఆళ్లగడ్డనుండి ఒక తల్లి జాబు వ్రాసినారు. వారి కుమార్తె ఎం.సి.ఏ. చదివి నంద్యాలలో నొక కళాశాలయందు ఆరేండ్లుగా పాఠములు చెప్పుచున్నది. అల్లుడు హైదరాబాదులోని సాఫ్టువేరు కంపెనీకి ఇంటియొద్దనుండియే పని చేయుచుండగా, ఇప్పుడు కంపెనీవారు అతనిని భార్యాబిడ్డలతో టెక్సాసునకు పొమ్మనినారట. కుమారునకు పదేండ్లు, కూతునకు నాలుగు. ఏ యూరగాయ లెన్ని కట్టవలెను, చలికి వస్త్రము లెన్ని కొనవలెను అని రెండు పుటలు వ్రాసి, చివరను రెండే పంక్తులలో, "అమ్మాయికి కొలువు మానుటకు మనసొప్పకున్నది, ఏమని చెప్పుదును?" అని అడిగినారు. అసలు ప్రశ్న ఆ రెండు పంక్తులలోనే యున్నది. ఊరగాయల సంగతి పిమ్మట చూచుకొనవచ్చును.

ఇట్టి జాబు మన ప్రాంతమునుండి వచ్చుట వింత గాదు. 1995లో నంద్యాలయొద్ద రాజీవ్ గాంధీ స్మారక ఇంజనీరింగు కళాశాల వెలసినది మొదలు, అచ్చట చదివి, హైదరాబాదు అమీరుపేటలో నాలుగు మాసములు కంప్యూటరు విద్య నేర్చి, కడలి దాటిన పిల్లలు ప్రతి వీథిలోను కలరు. ఆ పిల్లలకు జీతమెంత యని అందరు నడుగుదురు. వెంట వెళ్లిన కోడలి సంగతి యెవరు నడుగరు.

అల్లునిగారిని మొదట అడుగవలసినది, ఏ యక్షరము క్రింద పంపుచున్నారని. అమెరికావారు విదేశీయునకు పని యనుమతి నిచ్చునపుడు దాని కొక యక్షరమును సంఖ్యను తగిలింతురు. మనవారికి మిక్కిలి పరిచితమైనది హెచ్-1బి. ఇది 1990 నాటి వలస చట్టముచే నేర్పడినది. ఏటేట 65,000 మందికిని, ఆ దేశముననే ఎం.ఎస్. వంటి పై చదువు ముగించిన మరి 20,000 మందికిని మాత్రమే క్రొత్తగా దొరకును. కోరువారు పెక్కుమంది యగుటచే చీట్లు తీసి యిత్తురు. 2025 సెప్టెంబరులో అధ్యక్షుని ప్రకటన యొకటి వెలువడి, దేశము వెలుపల నున్నవారికై వేయు క్రొత్త దరఖాస్తునకు కంపెనీ లక్ష డాలర్లు చెల్లింపవలెనని నిబంధించినది. రెండవది ఎల్-1. గడచిన మూడేండ్లలో ఎడతెగక ఒక యేడైనను ఇతర దేశమున తనయొద్ద పనిచేసిన వానిని కంపెనీ తన అమెరికా శాఖకు మార్చుకొనునపుడు దొరకునది.

భర్తకు ఈ రెంటిలో నేది దొరకినను జీతము వచ్చును. భార్య బ్రతుకు మాత్రము అక్షరమును బట్టి మారును. ఎల్-1 వచ్చినవాని భార్యకు ఎల్-2 ఇత్తురు. 2021 నవంబరునుండి ఎల్-2 గల భార్య వేరుగా అనుమతి పత్రము కోరకయే కొలువు చేయవచ్చును. హెచ్-1బి వాని భార్యకు హెచ్-4 ఇత్తురు. ఆమె చదువుకొనవచ్చును, బండి నడుపవచ్చును, గుడిలో ఊరక సేవ చేయవచ్చును, జీతము పుచ్చుకొనరాదు. 2015 మే 26నుండి ఇందొక వెసులుబాటు గలదు. భర్తకు గ్రీన్ కార్డు నిప్పించుటకై కంపెనీవారు ఐ-140 అను దరఖాస్తు వేసి, అది ఆమోదింపబడినచో, భార్య పని యనుమతికై అర్జీ పెట్టుకొనవచ్చును. ఆ దరఖాస్తు వేయుట వేయకుండుట కంపెనీవారి యిష్టము. కొందరు రెండవ యేటనే వేయుదురు, కొందరు అయిదేండ్లు త్రిప్పుదురు. అనుమతి చేతికి వచ్చిన పిమ్మటను నిశ్చింత లేదు. 2025 అక్టోబరు 30నుండి, క్రొత్త యనుమతికై అర్జీ పెట్టినంతమాత్రమున పాతది తనంతట పొడిగింపబడు పద్ధతిని ఎత్తివేసినారు. కావున క్రొత్తది వచ్చులోపల పాతదాని గడువు తీరినచో, నాటితో కొలువు ఆపి ఇంట కూర్చుండవలసినదే.

ఆరేండ్లు తరగతినిండ పిల్లలకు పాఠము చెప్పిన స్త్రీ ఒక్క యక్షరముచేత వంటయింటికి పరిమితమగునన్న మాట. వంటయిల్లు హీనమని నే ననుట లేదు, నేనును అందున్నదాననే. తానై అందుండుట వేరు, వెలుపల గడియ పెట్టి యుంచుట వేరు.

అందుచే ఆ తల్లికి నా సలహా యిది. ఎల్ అయినచో అమ్మాయి ధైర్యముగ బయలుదేరవచ్చును. హెచ్ అయినచో, ఐ-140 ఎన్నడు వేయుదురో కంపెనీవారిని వ్రాతమూలముగ అడుగుమని అల్లునితో చెప్పుడు. ప్రయాణమునకు ముందు అతనితో వారికి పని గలదు, అడిగిన మాటకు విలువ యుండును. విమానమెక్కిన పిమ్మట అడుగునది వేడికోలే. వ్రాసి యీయమనినచో, అమ్మాయి రాజీనామాకు బదులు జీతములేని సెలవు కోరి, ఒక యేడు బిడ్డలతో నంద్యాలలోనే నిలిచి చూచుట తప్పు గాదు. సీతమ్మవారు వెంట వెళ్లిరి, ఊర్మిళ నిలిచినది. ఊర్మిళను ఎవరును పతిభక్తి లేనిదానినిగా ఎంచలేదు.

ఎల్లదేశముల రీతియు నిట్లుండదు. జర్మనీలో బ్లూ కార్డు పొందినవాని భార్య, ముందుగ జర్మను భాషలో పరీక్ష నీయకయే పోయి, పని చేసికొనవచ్చును. ఇంగ్లండులోను ఆస్ట్రేలియాలోను నిపుణులగు పనివారి భార్యలకు ఆ హక్కు గలదు. కెనడావారు 2025 జనవరినుండి కొన్ని వృత్తులవారి భార్యలకు మాత్రమే దానిని నిలిపినారు. కంపెనీకి పలు దేశములలో శాఖలున్నచో ఈ సంగతియు తలపోయదగినది. జీతము కొంత తగ్గినను రెండు జీతములు వచ్చు ఇల్లు వేరు.

కాగితములలో ఇట్టి భార్యను ఆశ్రితురాలని వ్రాయుదురు. ఇట్టి మాటలతో మన ప్రాంతమునకు పాత పరిచయము గలదు. 1800లో నిజాము ఈ మండలములను కుంఫిణీవారికి ధారపోసినది మొదలు మనకు దత్తమండలమువారను పేరు వచ్చినది. 1928 నవంబరులో మన నంద్యాలలోనే జరిగిన ఆంధ్ర మహాసభల సందర్భమున చిలుకూరి నారాయణరావుగారు సూచింపగా, ఆ పేరు విడిచి రాయలసీమ యను పేరు గ్రహించినారు. ఒకరు మరొకరికిచ్చిన వస్తువువలె పిలువబడుట పెద్దలకు సహింపకపోయినది. అమెరికావారి కాగితముమీది మాటను మనము మార్చజాలము గాని, ఇంటి లెక్కలో మార్చుకొనవచ్చును. ఆమె పేర బ్యాంకు ఖాతా నొకదానిని తెరచి, నెలనెల కొంత సొమ్ము అందు వేయుటకు ఇక్కడనుండగనే మాట తీసికొనవలెను. ఆమె పాసుపోర్టు ఆమె పెట్టెలోనే యుండవలెను. దూరదేశమున ఒంటిగ నున్న కోడలి పాసుపోర్టును అత్తవారు బీరువాలో దాచిన గృహములు కలవు. అందుచేతనే ఇంత గట్టిగ వ్రాయుచున్నాను.

కాగితముల మాట వచ్చినది గనుక మరి కొన్ని. పెండ్లి జరిగినదని ఊరంతయు నెరిగినను, నమోదు పత్రము లేనిదే వీసా కష్టము. కాళిదాసుని శకుంతలకు ఉంగరము సాక్ష్యము, నన్నయగారి శకుంతలకు ఆకాశవాణి సాక్ష్యము. హైదరాబాదు నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేటునందు ఈ రెండును చెల్లవు. పాసుపోర్టులో ఇంటిపేరునకు గల గడిని మన స్త్రీలు పలువురు ఖాళీగ విడుతురు. అట్లు విడిచినచో అమెరికా వీసాలో వారి సొంత పేరు ఇంటిపేరై కూర్చుండును, పేరున్నచోట ఎఫ్.ఎన్.యు. అని పడును. పేరు తెలియదని దాని యర్థము! ముచ్చటపడి పెట్టిన పేరు తెలియదనిపించుకొనుటకంటె, ముందే సరిచేయించుకొనుట మేలు. బిడ్డల జనన పత్రములు, టీకాల పుస్తకము చేతిసంచిలోనే యుంచుకొనవలెను; టీకాల లెక్క చూపనిదే అక్కడి బడులు సాధారణముగ చేర్చుకొనవు.

పదేండ్ల కుమారుని గూర్చి పెద్దలు కూర్చుండి మాటాడుకొనవలెను. కొలువు మూలముగ వచ్చు గ్రీన్ కార్డులలో ఏ యొక్క దేశమువారికిని నూటికి ఏడింటికంటె హెచ్చు ఇయ్యరాదని సాధారణ నియమము. మనవారు లెక్కకు మిక్కిలిగ నుండుటచే పలువురకు నిరీక్షణ పదేండ్లు దాటుచున్నది. ఇరువదియొకటవ యేడు నిండిన దినమునుండి కుమారుడు తండ్రి వీసా నీడలో నుండజాలడు. విద్యార్థిగ వేరు వీసా తెచ్చుకొనవలెను, లేదా అక్కడ పెరిగి అక్కడి మాట నేర్చినవాడు తానెరుగని నంద్యాలకు మరలవలెను. మూడేండ్లకు పోయి వత్తుమనువారికి ఈ చింత లేదు. కాని మూడేండ్లకని పోయినవారు పదేండ్లుండుట నేను పలుమార్లు చూచితిని. వెళ్లినచో తెలుగు చదువు మాన్పింపకుడు. సిలికానాంధ్రవారి మనబడి 2007నుండి నడచుచున్నది, వారాంతమున బిడ్డలను పంపవచ్చును.

కొలువు పోయినచో నేమగును? 2017నుండి అమలులోనున్న నియమము ప్రకారము, వీసా గడువు అంతకుముందే తీరకున్నచో, గరిష్ఠముగ అరువది దినముల వ్యవధి యుండును. ఆ లోపల మరియొక కంపెనీ దరఖాస్తు వేయవలెను, లేదా వేరు వీసాకు మారవలెను, లేదా బడిలో పరీక్షలున్నను అద్దె ఒప్పందమున్నను కుటుంబమంతయు కదలవలెను. 2022, 2023 సంవత్సరములలో పెద్ద పెద్ద కంపెనీలు వేలమందిని తొలగించినపుడు ఎన్ని తెలుగు ఇండ్లలో ఈ దినములను వ్రేళ్లపై లెక్కించిరో! కావున ఆరు మాసముల యింటి ఖర్చునకును, నలుగురి తిరుగు ప్రయాణమునకును సరిపడు సొమ్ము చేతనుండువరకు అక్కడ కారు మీద కారు కొనరాదు. ఒక్క కారు మాత్రము తప్పదు. టెక్సాసులో పెక్కుచోట్ల బండి లేక కూరగాయలకైనను పోజాలరు. నంద్యాలలో స్కూటరుపై తిరుగు అమ్మాయి వెళ్లకముందే కారు నడుపుట నేర్చుకొనవలెను. అది నేర్చినచో సగము చెర తొలగును.

ఇక్కడి ఆస్తి సంగతి రెండు మాటలు. స్థిరముగ విదేశమున నివసింప బోయినవారు తమ పొదుపు ఖాతాను ఎన్.ఆర్.ఓ. ఖాతాగ మార్పింపవలెను. తండ్రి పసుపుకుంకుమల క్రింద ఇచ్చిన పొలమును అమ్ముకొననక్కరలేదు, అది ఆమెదే. ప్రవాసమున నుండగా క్రొత్తగ వ్యవసాయ భూమి కొనుటకు మాత్రము చట్ట మొప్పదు.

ఊరిలో మిగులు పెద్దలకు మందుల చీటీ యొక ప్రతి అమ్మాయియొద్దను, మరియొకటి ఇరుగుపొరుగు నమ్మకస్థులయొద్దను ఉంచవలెను. మాటాడు వేళను కూడ ముందే యేర్పరచుకొనుట మంచిది. ఇచ్చట ఉదయము ఏడు గంటలైనప్పుడు టెక్సాసులో చాల భాగమున వేసవియందు ముందునాటి రాత్రి ఎనిమిదిన్నర, శీతకాలమున ఏడున్నర. అక్కడ బిడ్డలు అన్నము తిని పండుకొనబోవు సమయమది, ఇక్కడ అమ్మమ్మ కాఫీ త్రాగు సమయము.