తుంటి ఆపరేషన్‌కు ముందు రక్తప్రసరణ సంగతి తేల్చుకోవాలి

"ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు కదా, మళ్ళీ వేలు పోసి స్కానింగు దేనికండీ?" తుంటి నొప్పితో వచ్చే యువతీయువకుల తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. డబ్బుకు ఇబ్బంది పడే కుటుంబాలు అలా అడగడంలో తప్పు లేదు. అయినా వయసులో ఉన్నవారికి, ఎముకకు రక్తం సరిగా అందుతున్నదో లేదో తేల్చుకోకుండా తుంటి ఆపరేషన్ నిర్ణయం తీసుకోరాదని మా అభిప్రాయం.

తుంటి కీలు గిన్నెలో తిరిగే బంతి వంటిది. తొడ ఎముక తలభాగమే ఆ బంతి. దానికి కావలసిన రక్తం చాలావరకు, ఎముక మెడ వెనుకగా చుట్టి వచ్చే ఒక సన్నని ధమని ద్వారా అందుతుంది. ఆ దారి దెబ్బతింటే మిగిలిన చిన్న నాళాలు సాధారణంగా చాలవు. రక్తం అందని ఎముక క్రమంగా చచ్చి, శరీరం బరువుకు కుంగిపోతుంది. దీనినే అవాస్క్యులర్ నెక్రోసిస్ అంటారు. తుంటి విరగడం, కీలు తప్పడం, ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్ మందులు వాడడం, మితిమీరిన మద్యపానం, సికిల్ సెల్ వ్యాధి దీనికి ముఖ్య కారణాలు.

ఈ జబ్బు తొలిదశలో ఎక్స్‌రే మామూలుగానే కనిపించవచ్చు. ఎం.ఆర్.ఐ. స్కానింగులో మాత్రం లోపలి మూలుగులో వచ్చిన మార్పు ముందుగానే తెలుస్తుంది. నొప్పి ఒక పక్కనే ఉన్నా రెండు తుంట్లనూ చూడడం మంచిది. రెండవ వైపు కూడా జబ్బు మొదలై ఉండడం అరుదేమీ కాదు.

ముందుగా తెలిస్తే ఏమిటి లాభం? ఎముక కుంగకముందైతే, దానికి సన్నని రంధ్రం వేసి లోపలి ఒత్తిడి తగ్గించే చిన్న ఆపరేషన్‌తో చాలామందిలో సొంత కీలును కాపాడే అవకాశం ఉంది. బాగా కుంగిన తరువాత చాలాసార్లు కీలు మార్పిడి తప్పదు.

"కీలు మార్చేస్తే పీడ పోతుంది కదా" అని కొందరంటారు. అరవై దాటినవారికి ఆ మాట చాలావరకు సరిపోతుంది. కానీ 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశీలన ప్రకారం, 25 ఏళ్ళు నిలిచే కృత్రిమ తుంటి కీళ్ళు సుమారు 58 శాతమే. పాతికేళ్ళ వయసులో కీలు మార్చుకున్నవారికి జీవితంలో మరొక పెద్ద ఆపరేషన్ రావచ్చు. దాని ఖర్చు ముందు స్కానింగు ఖర్చు ఏపాటిది?

ఒక హెచ్చరిక. ప్రమాదంలో తుంటి విరిగిన యువకుల విషయం వేరు. అక్కడ ఆలస్యమే ఎముకకు హాని. స్కానింగు కోసం రోజులు గడపకుండా వెంటనే పెద్దాసుపత్రికి చేర్చాలి.

డాక్టర్లకూ ఒక బాధ్యత ఉంది. పరీక్ష ఎందుకు వ్రాస్తున్నారో రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెబితే చాలు, చాలా కుటుంబాలు ఒప్పుకుంటాయి. రోగులు కూడా వాడిన స్టెరాయిడ్ మాత్రలు, సూదులు, త్రాగుడు అలవాటు, ఇంట్లో ఉన్న సికిల్ సెల్ జబ్బు దాచకుండా చెప్పాలి. చెప్పినంత మాత్రాన ఎవరూ తక్కువగా చూడరు.

కనుక మీ బిడ్డకు తుంటి ఆపరేషన్ అన్నప్పుడు సంతకం పెట్టేముందు డాక్టరుగారిని ఈ ఒక్క మాట అడగండి: "ఎముకకు రక్తం అందుతున్నదా? ఎలా తెలుసుకున్నారు?" మంచి డాక్టరు ఈ ప్రశ్నకు విసుక్కోరు.