సల్లగ చేసుడే కాదు, ఎచ్చగ చేసుడూ వైద్యమే

పుట్టంగనే ఏడ్వక, మెదడుకు ఆక్సిజన్ అందని పసిగుడ్డును ధనిక దేశాలల్ల 6 గంటల్లోపే సల్లగ చేస్తరు. ఒంటి వేడిని 33.5 డిగ్రీలకు దించి 72 గంటలు ఉంచుతరు. గండం గడిచిందనుకుంటం, కానీ ఇంకో పరీక్ష అప్పుడే షురువైతది. గంటకు అర డిగ్రీ మించకుండ మళ్ల ఎచ్చగ చెయ్యాలె. తొందరపడితే బీపీ పడిపోవచ్చు, ఫిట్స్ రావచ్చు. అందుకే ఆ పూటంత నర్సు కన్ను బిడ్డ మీదనే ఉండాలె.

మరి మన దగ్గర? ఇండియా, శ్రీలంక, బంగ్లాదేశ్ పెద్ద దవాఖాన్లల్ల 408 మంది పసిపిల్లల మీద చేసిన హెలిక్స్ పరిశోధన 2021ల బయటికొచ్చింది. సల్లగ చేసిన పిల్లలల్లనే చావులు ఎక్కువైనయ్.

అందుకే నేననేది, మిషిన్ కొనుడు తర్వాత ముచ్చట. కాన్పుకాడ బిడ్డకు ఊపిరందించే చెయ్యి, రాత్రిపూట సరిపడ నర్సులు ఉన్నరా? ముందుగాల గది అడుగుండ్రి.